జపాన్‌లో తొమ్మిదేళ్ల నిర్బంధ విద్య: ప్రాథమిక, మాధ్యమిక బడులు ఎలా నడుస్తాయి?

పలకాబలపం

సభ్యులందరికీ నమస్కారం. మా వారికి టోక్యోకు బదిలీ అయినందువల్ల మార్చి నెలాఖరుకు విశాఖపట్నం నుంచి అక్కడికి మకాం మారుస్తున్నాము. పెద్దమ్మాయికి పోయిన ఆగస్టులో పన్నెండేళ్లు నిండాయి, ఇక్కడ ఏడో తరగతి చదువుతోంది. బాబుకు జనవరిలో ఆరు నిండాయి. ఎడొగావా వార్డులో భారతీయ పాఠశాలలు ఉన్నాయని తెలుసు గాని, నాలుగైదేళ్లు అక్కడే ఉండవలసి రావచ్చు కాబట్టి పిల్లలిద్దరినీ స్థానిక ప్రభుత్వ బడిలో చేర్పించాలని ఆలోచిస్తున్నాము. ఆ బడులను ఎవరు నడుపుతారు, ఏ తరగతిలో చేర్చుకోవాలో ఎవరు నిర్ణయిస్తారు, ఖర్చు ఎంతవరకు ఉంటుంది, చదువులో వెనకబడిన పిల్లల సంగతి ఏమిటి అన్నవి తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు. ప్రభుత్వ బడి అనగానే మా అత్తమామలు దిగులు పడుతున్నారు. వారికి చదివి వినిపించగలిగేలా రాస్తే మరింత మేలు.

సాగరతీరం

పలకాబలపం గారూ, మా పిల్లలు టోక్యోలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలోనే చదువుతున్నారు. ముందుగా మీ అత్తమామల దిగులు గురించి రాస్తాను. జపాన్‌లో ప్రాథమిక స్థాయిలో ప్రైవేటు బడికి వెళ్లేవారు నూటికి ఒక్కరికి కాస్త ఎక్కువ, అంతే. వైద్యుడి బిడ్డ, బస్సు డ్రైవరు బిడ్డ, కూరగాయల కొట్టు వారి బిడ్డ ఒకే తరగతిలో కూర్చుంటారు. మాధ్యమిక స్థాయిలో ప్రైవేటు వాటా నూటికి ఏడెనిమిది వరకు ఉంటుంది, టోక్యో వంటి నగరాల్లో అంతకన్నా చాలా ఎక్కువ.

ఆరేళ్ల ప్రాథమిక పాఠశాల, మూడేళ్ల మాధ్యమిక పాఠశాల కలిపి తొమ్మిదేళ్లు నిర్బంధ విద్య. 1947లో వచ్చిన పాఠశాల విద్యా చట్టం ఈ ఏర్పాటు చేసింది, నేటికీ అదే కొనసాగుతోంది. 2016 నుంచి ఆరు, మూడు విడదీయకుండా తొమ్మిదేళ్లూ ఒకే బడిలో చదివించే పాఠశాలలకు కూడా చట్టం వీలు కల్పించింది గాని, ఇప్పటికీ అవి తక్కువే. విద్యాసంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. ఏప్రిల్ 2 నుంచి మరుసటి ఏప్రిల్ 1 వరకు పుట్టినవారందరూ ఒకే తరగతి. మార్కులు, ప్రవేశ పరీక్ష, ఇంటర్వ్యూ, పాత బడి టీసీలో ఉన్న తరగతి, ఇవేవీ చూడరు. పుట్టినరోజు ఒక్కటే చూస్తారు. కాబట్టి మీ బాబు ఏప్రిల్‌లో ఒకటో తరగతిలో చేరతాడు. పాప మాధ్యమిక పాఠశాల మొదటి ఏడాదిలో, అంటే వరుస లెక్కన మళ్లీ ఏడో ఏడాదిలో చేరుతుంది. ఇందులో ఏడాది నష్టపోయిందని బాధపడవలసింది ఏమీ లేదు, ఎందుకంటే తన వయసు పిల్లలందరూ ఆమెతోపాటే అదే రోజు కొత్త బడిలో అడుగుపెడతారు.

ఏ బడి అన్నది మీ ఇంటి చిరునామాను బట్టి వార్డు విద్యామండలి నిర్ణయిస్తుంది. బడిని ఎంచుకునే వీలు కొన్ని చోట్ల ఉంది. టోక్యోలోని షినగావా వార్డు 2000లో ఆ పద్ధతి మొదలుపెట్టింది. కానీ సాధారణంగా ఇంటికి దగ్గరలోని బడే మీ బడి.

ప్రాథమిక పాఠశాలలో పీరియడు 45 నిమిషాలు, మాధ్యమికంలో 50 నిమిషాలు. ఒకటో తరగతికి ఏడాదికి 850 పీరియడ్లు, నాలుగో తరగతి నుంచి పైకి 1015 అని దేశమంతటికీ ఒకే లెక్క. ఒకటో తరగతి 850లో 306 జపనీస్ భాషకే పోతాయి, 136 గణితానికి. మొదటి రెండేళ్లూ విజ్ఞానశాస్త్రం, సాంఘికశాస్త్రం విడిగా ఉండవు. వాటి బదులు పిల్లలు మొక్కలు పెంచుతూ, వీధిలో నడుస్తూ, చుట్టుపక్కలవారితో మాట్లాడుతూ నేర్చుకునే ఒక సబ్జెక్టు ఉంటుంది. వేసవి సెలవుల ముందు ఒకటో తరగతి పిల్లలు తమ పేరు రాసి ఉన్న కుండీని, అందులో తామే పెంచిన మార్నింగ్ గ్లోరీ తీగతో సహా ఇంటికి మోసుకు వస్తారు, సెలవుల్లో ఎన్ని పూలు పూశాయో రాసి చూపించాలి. సంగీతం, చిత్రకళ, వ్యాయామం మొదటి నుంచే పూర్తి స్థాయి సబ్జెక్టులు. ఐదో తరగతి నుంచి వంట, కుట్టుపని మగపిల్లలకూ ఆడపిల్లలకూ సమానంగా నేర్పుతారు. ఇంగ్లీషు 2020 నుంచి ఐదు, ఆరు తరగతుల్లో సబ్జెక్టుగా ఉంది. మూడు, నాలుగు తరగతుల్లో ఆటపాటలతో పరిచయం మాత్రమే. ఆరేళ్లలో కాంజీ అనే చైనా మూలపు అక్షరాలు 1026 నేర్చుకోవాలి, ఒకటో తరగతిలో 80. మీ బాబుకు ఇది కష్టం కాదు, అందరితోపాటు మొదటి అక్షరం నుంచే మొదలుపెడతాడు. పాప విషయం వేరు, దాని గురించి విడిగా రాస్తాను.

నల్లబల్ల

నేను శ్రీకాకుళం జిల్లాలో ప్రభుత్వ ప్రాథమిక పాఠశాల ఉపాధ్యాయుడిని. సాగరతీరం గారి వివరణ చాలా బాగుంది. పుట్టినరోజు చూసి చేర్చుకోవడం, దగ్గరి బడికే పంపడం అన్నవి కాగితం మీద మన విద్యాహక్కు చట్టంలోనూ ఉన్నాయి. నాకు తెలుసుకోవాలని ఉన్నది మరొకటి. అన్ని వర్గాల తల్లిదండ్రులూ దగ్గరి ప్రభుత్వ బడినే నమ్ముతున్నారంటే, ఏ బడికి వెళ్లినా ఒకే రకమైన ఉపాధ్యాయుడు దొరుకుతాడన్న భరోసా వారికి ఉండి ఉండాలి. ఆ భరోసా ఎలా వచ్చింది? ఉపాధ్యాయులను ఎవరు నియమిస్తారు, జీతం ఎవరు ఇస్తారు, మారుమూల ఊళ్లకు ఎవరు వెళ్తారు? మన ఏజెన్సీ మండలాల్లో ఐదు తరగతులకూ ఒక్కరే ఉన్న బడులు నేను చూశాను కాబట్టి ఈ ప్రశ్న అడుగుతున్నాను. ఆంధ్రప్రదేశ్‌లో 2018 డీఎస్సీ తరువాత మళ్లీ పెద్దయెత్తున నియామకాలు జరిగింది 2025 మెగా డీఎస్సీలో, 16,347 పోస్టులతో. మధ్యలో పదవీ విరమణలు ఆగవు కదా.

తూర్పుగాలి

నల్లబల్ల గారూ, ఈ వ్యవస్థలో అన్నిటికన్నా ముఖ్యమైన విషయాన్ని పట్టుకున్నారు. నేను ప్రజావిత్తం చదువుకున్నవాడిని, కొన్నేళ్లు ఒసాకాలో ఉన్నాను. అందరూ పిల్లలు గది ఊడ్చుకోవడం గురించి, క్రమశిక్షణ గురించి రాస్తారు. అది మంచిదే. కాని జపాన్ బడి సమానంగా ఉండటానికి అసలు కారణం డబ్బు ఎవరు పెడతారు, ఉపాధ్యాయుడు ఎవరి ఉద్యోగి అన్న రెండు విషయాల్లోనే ఉందని నా గట్టి అభిప్రాయం.

బడిని నెలకొల్పి, భవనం కట్టి, నడిపే బాధ్యత పురపాలికది. ఉపాధ్యాయుడు మాత్రం పురపాలిక చెల్లించే జీతం మీద ఆధారపడడు. జపాన్‌లో 47 ప్రిఫెక్చర్లు ఉన్నాయి. వాటిని మన జిల్లాకూ రాష్ట్రానికీ మధ్య ఉన్న పరిపాలనా విభాగాలు అనుకోవచ్చు. ఉపాధ్యాయులను నియమించేదీ జీతం ఇచ్చేదీ ప్రిఫెక్చరే. పెద్ద నగరాల్లో కొన్నింటికి మాత్రం 2017 నుంచి ఈ జీతాల బాధ్యత నగరానికే అప్పగించారు. ఆ జీతాల్లో మూడో వంతు కేంద్ర ప్రభుత్వం భరిస్తుంది. 2006కు ముందు సగం భరించేది. ఎన్ని తరగతులకు ఎంతమంది ఉపాధ్యాయులు ఉండాలన్నది జాతీయ చట్టం నిర్ణయిస్తుంది. అందువల్ల పేద పల్లెలో పన్నుల ఆదాయం లేదన్న కారణంతో ఉపాధ్యాయుడు తగ్గడు.

రెండో సంగతి బదిలీలు. ఉపాధ్యాయుడు ఒక బడికి కాక ప్రిఫెక్చర్‌కు చెందినవాడు కాబట్టి, కొన్నేళ్లకు ఒకసారి, గడువు ఒక్కోచోట ఒక్కో విధంగా, బడి మారడం ఉద్యోగంలో భాగం. ప్రధానోపాధ్యాయులూ అంతే. మార్చి చివర్లో స్థానిక దినపత్రికలు ఈ బదిలీల జాబితాలను పేజీల కొద్దీ అచ్చువేస్తాయి. తల్లిదండ్రులు, పాత విద్యార్థులు కూడా ఆ పేర్లను వెతుక్కుంటారు. దీవులకు, కొండ ఊళ్లకు వెళ్లేవారికి ప్రత్యేక భత్యం ఇవ్వాలని మారుమూల విద్యాభివృద్ధి చట్టం చెబుతుంది, ఆ చట్టం 1954లోనే వచ్చింది. నియామక పరీక్షలు ప్రతి ఏడాదీ జరుగుతాయి. ఖాళీలు పోగుపడేదాకా ఆగడం అన్నది ఉండదు.

మీరు అడిగిన ఏకోపాధ్యాయ సమస్యకు కూడా అంకెల్లోనే హద్దు ఉంది. పిల్లలు తగ్గినప్పుడు ప్రాథమిక పాఠశాలలో రెండు తరగతులను కలిపి ఒక గదిలో నడపవచ్చు, అయితే ఆ రెండింటిలోనూ కలిపి 16 మందికి మించకూడదు. ఒకటో తరగతి అందులో ఉంటే 8 మందికి మించకూడదు. ఆ సంఖ్య దాటితే మరో ఉపాధ్యాయుడిని ఇచ్చి తీరాలి. మామూలు తరగతికి ఎక్కువలో ఎక్కువ 40 మంది అన్న నియమం చాలా కాలం ఉండేది. 2021లో చట్టాన్ని సవరించి, ప్రాథమిక పాఠశాల అంతటా దాన్ని ఐదేళ్లలో 35కు తగ్గించే పని మొదలుపెట్టారు.

ఇంకొక విషయం తప్పక రాయాలి, ఎందుకంటే ఇది ప్రభుత్వం తనంతట తాను ఇచ్చినది కాదు. ఈరోజు తొమ్మిదేళ్లూ పాఠ్యపుస్తకాలు ఉచితం. 1961లో కొచి నగరంలోని నగహామా అనే ప్రాంతంలో, చేపలు పట్టుకుని, దినకూలి చేసుకుని బతికే కుటుంబాల తల్లులు కొందరు రాజ్యాంగాన్ని కలిసి చదువుకున్నారు. నిర్బంధ విద్య ఉచితంగా ఉండాలని 26వ అధికరణం చెబుతుంటే పుస్తకాలు మేమెందుకు కొనాలని వారు అడిగారు. కొత్త విద్యాసంవత్సరంలో పుస్తకాలు కొనకుండా ఉద్యమించారు. ఆ ప్రశ్న దేశమంతా పాకింది. చట్టం వచ్చి, 1963లో ఒకటో తరగతితో ఉచిత పంపిణీ మొదలై, 1969 నాటికి మాధ్యమిక చివరి తరగతి వరకు చేరింది. ఇంత పెద్ద ఏర్పాటు వెనుక చదువుకునే అవకాశం పెద్దగా దొరకని తల్లుల పట్టుదల ఉందని తెలిసినప్పటి నుంచి ఆ పుస్తకాల పట్ల నాకు గౌరవం పెరిగింది.

పలకాబలపం

అందరికీ కృతజ్ఞతలు. తూర్పుగాలి గారు రాసిన నగహామా తల్లుల సంగతి మా అత్తగారు రెండుసార్లు చదివించుకున్నారు. పుస్తకాలు, ఫీజు లేవు సరే, మిగతా ఖర్చుల మాటేమిటి? మధ్యాహ్న భోజనం బడిలోనే తినాలని విన్నాను. మేము శాకాహారులము, ఇది మాకు పెద్ద చింతగా ఉంది.

సాగరతీరం

ఫీజు లేదు గాని ఖర్చు లేదని అనుకోకండి. ప్రాథమిక పాఠశాల పిల్లలు వీపున వేసుకునే గట్టి సంచి, వ్యాయామ దుస్తులు, రంగులు, లెక్కల పరికరాల పెట్టె, గది లోపల వేసుకునే బూట్లు, మాధ్యమికంలో యూనిఫాం, విహారయాత్రకు నెలనెలా కట్టే సొమ్ము, ఇవన్నీ తల్లిదండ్రులవే. ఆదాయం తక్కువ ఉన్న కుటుంబాలకు పురపాలిక ఈ ఖర్చుల్లో సాయం చేస్తుంది; ఏప్రిల్‌లో బడి నుంచి దరఖాస్తు వస్తుంది.

భోజనం విషయంలో వారికి పెద్ద చరిత్ర ఉంది. 1889లో యమగత ప్రిఫెక్చర్‌లోని త్సురుఒకాలో, ఒక గుడి ఆవరణలో నడిచిన బడిలో పేద పిల్లలకు అన్నం ముద్దలు, ఉప్పు చేప, ఊరగాయ పెట్టడంతో ఇది మొదలైందని చెబుతారు. 1954లో పాఠశాల భోజన చట్టం వచ్చింది. ఆ చట్టం ప్రకారం వంటగది, వంటవారి జీతాలు పురపాలికవి, సరుకుల ఖర్చు తల్లిదండ్రులది. అయితే ఇటీవలి ఏళ్లలో టోక్యో వార్డులతో సహా చాలా పురపాలికలు ఆ సరుకుల ఖర్చును కూడా తామే భరిస్తున్నాయి. 2005 నుంచి పోషకాహార ఉపాధ్యాయులు అని ప్రత్యేకంగా ఒక ఉద్యోగమే ఉంది. భోజనం కూడా పాఠంలో భాగమని వారి నమ్మకం. ప్రతిరోజూ వంతు వచ్చిన పిల్లలు తెల్ల టోపీ, ఏప్రన్, మాస్కు వేసుకుని పెద్ద గిన్నెలు గదికి మోసుకువచ్చి తోటివారికి వడ్డిస్తారు. టీచరుతో సహా అందరూ ఒకేసారి చేతులు జోడించి తినడం మొదలుపెడతారు.

మీ చింత సహేతుకమే. మాంసం కనబడని రోజున కూడా పులుసులో చేపల సారం ఉంటుంది, కాబట్టి ఏరుకుని తినమంటే కుదరదు. నెలవారీ పట్టికలో ప్రతి పదార్థం పేరూ అచ్చువేసి ముందే ఇంటికి పంపుతారు. చేరే రోజునే ప్రధానోపాధ్యాయుడితో మాట్లాడి, ఇంటి నుంచి డబ్బా తెచ్చుకోవడానికి అనుమతి అడగండి. మా బడిలో ఒప్పుకున్నారు. పాలు, అన్నం బడిలో తీసుకుని కూర మాత్రం ఇంటి నుంచి పంపేవారు కూడా ఉన్నారు. ఏ పద్ధతైనా కాగితం మీద స్పష్టంగా రాసి ఇస్తే వారికి సులువు.

మామిడితోట

ఇప్పటివరకు రాసినవన్నీ నిజమే. అయినా ఒక తల్లిగా ఇంకో వైపు కూడా రాయకపోతే పలకాబలపం గారికి అన్యాయం చేసినట్లు అవుతుంది. మా అబ్బాయి భాష దాదాపు రాకుండానే మాధ్యమిక పాఠశాలలో చేరాడు. బడి పేరు, ఊరు పేరు రాయను. ఉపాధ్యాయులు దయగలవారే, కాని ఏడాది పొడవునా వాడు గదిలో మౌనంగా కూర్చున్నాడు. భాష నేర్పడానికి వారానికి రెండు గంటలు ఒకరు వచ్చేవారు. చరిత్ర పాఠం అర్థం కాకుండా చరిత్ర పరీక్ష రాసేవాడు. అక్కడ తరగతి తప్పడం అన్నది లేదు. వచ్చినా రాకపోయినా వయసుతోపాటు పై తరగతికి వెళ్లిపోతారు. చిన్న పిల్లలకు ఇది వరం. కాని మూడేళ్ల తరువాత, పదిహేనేళ్ల వయసులో, అంతవరకు లేని పరీక్ష ఒక్కసారిగా ఎదురవుతుంది. ఉన్నత పాఠశాల, అంటే అక్కడ మాధ్యమికం తరువాత వచ్చే బడి, నిర్బంధ విద్యలోకి రాదు, అయినా నూటికి తొంభై ఎనిమిది మందికి పైగా అందులో చేరతారు. ఏ బడిలో సీటు వస్తుందన్నది ప్రవేశ పరీక్షతోపాటు, మాధ్యమిక పాఠశాల ఇచ్చే మార్కుల నివేదిక మీద ఆధారపడుతుంది. ఆ నివేదికలో సంగీతం, వ్యాయామం, చిత్రకళకు కూడా లెక్క ఉంటుంది. అందుకే అక్కడి పిల్లల్లో చాలామంది సాయంత్రం ట్యూషన్ కేంద్రాలకు వెళ్తారు.

అందరూ ఒకేలా నడవాలన్న చోట నడవలేనివారు ఇంట్లో ఉండిపోతారు. ఏడాదికి 30 రోజులు, అంతకన్నా ఎక్కువ బడికి రాని ప్రాథమిక, మాధ్యమిక విద్యార్థులు, అనారోగ్యం, పేదరికం వంటి కారణాలను మినహాయించి, 2023 విద్యాసంవత్సరంలో 3,46,482 మంది అని వారి విద్యాశాఖే ప్రకటించింది. ఇంత పద్ధతిగల వ్యవస్థలో ఇంతమంది పిల్లలు గుమ్మం దాటలేకపోతున్నారంటే ఆ పద్ధతిని గురించి కూడా ప్రశ్నించుకోవాలి.

తూర్పుగాలి

మామిడితోట గారి మాటతో నేను ఏకీభవిస్తున్నాను. డబ్బును, ఉపాధ్యాయులను సమానంగా పంచడానికి ఎంతో జాగ్రత్త పడిన వ్యవస్థ, లోపలికి వచ్చే పిల్లలు కూడా ఒకే రకంగా ఉంటారని అనుకుని కట్టింది. విదేశీ పిల్లల విషయంలో ఈ లోటు చట్టంలోనే ఉంది. నిర్బంధ విద్య జపాన్ పౌరులకే వర్తిస్తుంది. విదేశీ తల్లిదండ్రులు కోరితే బడి ఉచితంగా చేర్చుకోవాలి, కోరకపోతే అడిగేవారు లేరు. 2019లో తొలిసారి దేశవ్యాప్తంగా లెక్క తీసినప్పుడు దాదాపు 20 వేల మంది విదేశీ పిల్లలు ఏ బడిలోనూ లేకపోయి ఉండవచ్చని తేలింది. ఆ తరువాతే పురపాలికలు ఇంటింటికీ సమాచారం పంపడం పెంచాయి. జపనీస్ రాని పిల్లలకు బడి వేళల్లోనే విడిగా భాష నేర్పి, దాన్ని పాఠ్యప్రణాళికలో భాగంగా లెక్కించే వీలు 2014 నుంచి ఉంది. అది ఎంత బాగా అమలవుతుందన్నది ఆ వార్డులో అటువంటి పిల్లలు ఎంతమంది ఉన్నారన్న దాన్ని బట్టి ఉంటుంది. ఈ విషయంలో ఊరూరికీ తేడా ఉంది.

రోజుల తరబడి బడికి రాని పిల్లల కోసం 2016లో ఒక చట్టం వచ్చింది. బడికి తిరిగి రావడం ఒక్కటే లక్ష్యం కానక్కరలేదని, బడి బయట నేర్చుకోవడానికి కూడా విలువ ఉందని అధికారికంగా ఒప్పుకోవడం వారికి పెద్ద మార్పు. మాధ్యమిక విద్య పూర్తి చేయలేకపోయిన పెద్దలకూ విదేశీయులకూ సాయంత్రపు మాధ్యమిక పాఠశాలలు పెంచడానికి కూడా ఈ చట్టమే ఊతమిచ్చింది.

నల్లబల్ల

ఉపాధ్యాయుల పనిభారం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు మాటలు. 2018 అంతర్జాతీయ సర్వేలో జపాన్ మాధ్యమిక ఉపాధ్యాయులు వారానికి 56 గంటలు పనిచేస్తున్నారని, పాల్గొన్న దేశాల సగటు 38 గంటల చిల్లర అని చదివాను. పాఠం చెప్పడంతోపాటు సాయంత్రం క్రీడల క్లబ్బులు, శని ఆదివారాల పోటీలు, ఇళ్లకు వెళ్లి మాట్లాడటం అన్నీ వారి మీదే. 1971 చట్టం ప్రకారం అదనపు గంటలకు బదులు జీతంలో 4 శాతం కలిపి సరిపెట్టారు. 2025లో దాన్ని దశలవారీగా 10 శాతానికి పెంచాలని సవరించారు. పిల్లలకు సమానత్వం ఇవ్వడానికి ఉపాధ్యాయుడి ఇంటి సమయం కరిగించడం సరైన పద్ధతి కాదని ఒక ఉపాధ్యాయుడిగా నా మనవి.

బడుల విలీనం గురించి కూడా అడగాలనుకున్నాను. మన దగ్గర ఒకటి నుంచి ఐదు తరగతుల బడి కిలోమీటరు లోపు, ఆరు నుంచి ఎనిమిది వరకు మూడు కిలోమీటర్ల లోపు ఉండాలని విద్యాహక్కు నిబంధనలు చెబుతాయి. 2022లో ఆంధ్రప్రదేశ్‌లో మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరి ఉన్నత పాఠశాలల్లో కలిపినప్పుడు చాలా ఊళ్లలో తల్లిదండ్రులు అభ్యంతరం చెప్పారు. అక్కడ పిల్లల సంఖ్య ఇంత వేగంగా తగ్గుతుంటే ఏం చేస్తున్నారు?

తూర్పుగాలి

వారి కొలత మనకన్నా దూరమే: ప్రాథమికానికి 4 కిలోమీటర్లు, మాధ్యమికానికి 6 కిలోమీటర్లు. 2015 మార్గదర్శకాల్లో బస్సు వంటి వాహనాల్లో అయితే సుమారు గంట ప్రయాణం వరకు అనుమతించవచ్చని చేర్చారు. బడికి 12 నుంచి 18 సెక్షన్లు ఉండటం ప్రమాణం అంటారు గాని, పల్లెల్లో ఆరు సెక్షన్లు కూడా నిండని బడులు ఎన్నో. ఏటా వందల బడులు మూతపడుతున్నాయి. అక్కడా ఊరివారు బాధపడతారు, సభలు జరుగుతాయి. మూసే నిర్ణయం పురపాలికదే కాబట్టి, తీసుకునేవారు రోజూ ఎదురుపడే మనుషులే. ఆ సభల్లో జరిగే చర్చ మన దగ్గర కూడా ముందుగా జరిగి ఉంటే బాగుండేదని నాకు అనిపిస్తుంది.

సాగరతీరం

పలకాబలపం గారూ, ఇక మీ పాప సంగతి. మామిడితోట గారి అనుభవం చదివి భయపడకండి గాని, దాన్ని తేలికగా మాత్రం తీసుకోవద్దు. మార్చి నెలాఖరులో దిగి ఏప్రిల్ మొదటి వారంలో చేర్పించాలంటే సమయం చాలదు కాబట్టి, నివాస నమోదు చేసిన రోజే వార్డు విద్యామండలికి వెళ్లి దరఖాస్తు ఇవ్వండి. భాషా బోధన తరగతి ఏ మాధ్యమిక పాఠశాలలో ఉందో అడిగి, ఆ బడి పరిధిలోనే ఇల్లు చూసుకోవడం మేలు. భాష కారణంగా ఒక తరగతి కింద చేర్చమని మీరు కోరవచ్చు, విద్యామండలి ఒప్పుకునే వీలుంది. అప్పుడు పాప ప్రాథమిక ఆరో తరగతిలో చేరుతుంది, ప్రవేశ పరీక్షకు మూడేళ్ల బదులు నాలుగేళ్ల సమయం దొరుకుతుంది. ఈ దారి కావాలంటే చేరేటప్పుడే అడగాలి. తరువాత మార్చడం కష్టం.

మామిడితోట

దానికి ఒక్కటి కలుపుతాను. ఇక్కడి నుంచి బయలుదేరే ముందు ఒకటో తరగతి నుంచి ఏడో తరగతి వరకు చదివిన సంవత్సరాలన్నీ చూపే ధ్రువపత్రం, ఇంగ్లీషులో, బడి ముద్రతో తీసుకోండి. ఉన్నత పాఠశాలలో చేరాలంటే సాధారణంగా జపాన్ మాధ్యమిక పాఠశాల పూర్తి చేసి ఉండాలి, లేదా విదేశంలో తొమ్మిదేళ్లు చదివినట్లు చూపాలి. మీరు మధ్యలో భారతీయ పాఠశాలకు మార్చాలనుకుంటే ఈ లెక్క మళ్లీ వస్తుంది, ఎందుకంటే అటువంటి బడుల్లో చదివిన కాలాన్ని జపాన్ మాధ్యమిక విద్యగా లెక్కించరు. విదేశీ విద్యార్థులకు ప్రత్యేక ప్రవేశం ఇచ్చే ప్రభుత్వ ఉన్నత పాఠశాలలు టోక్యోలో ఉన్నాయి. వాటి నిబంధనల్లో జపాన్‌కు వచ్చి ఎన్నేళ్లయిందన్నది ముఖ్యం కాబట్టి, దిగిన తేదీ ముద్ర ఉన్న పాస్‌పోర్టు పేజీ నకలు కూడా దాచుకోండి.